మఫ్రఖ్‌లో ఒక దొడ్డి

2014 మార్చిలో ఒక శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి షార్జాలో అబుదాబి బస్సెక్కాం. మా సైటు ఆఫీసు అబుదాబి శివార్లలోని మఫ్రఖ్‌కి మారింది. అక్కడొక గది చూడాలి. షార్జాలోని రోలా పేటలో మరో రెండు కుటుంబాలతో ఒకే ఫ్లాట్లో ఉంటున్నాం. "తలుపేసుకుని ఏడ్చేందుకైనా చోటు లేదండీ. ఇదీ నచ్చకపోతే నేను కాకినాడ వెళ్లిపోతాను," అంది నా భార్య సుజాత. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

దారి పొడుగునా ఇసుకే. ఆమెను మాటల్లో పెడదామని ఆఫీసు కబురు చెప్పాను. జర్మన్లు పంపిన డ్రాయింగులో కంచె గీత పక్కన 'ట్సౌన్' అని ఉంది. నా పక్కన కూర్చునే డచ్ ఇంజనీరు అది చూసి నవ్వాడు. వాళ్ల భాషలో అదే మాట 'టైన్', అంటే తోట. ఇంగ్లీషులో 'టౌన్'. నిఘంటువు తీస్తే మూడింటికీ మూలం కంచె వేసిన చోటు. లోపల మొక్కలు చూసినవాళ్లకు తోట అయింది, ఇళ్లు చూసినవాళ్లకు ఊరయింది.

"మన దొడ్డే కదండీ!" అంది సుజాత. "పశువులుంటే బందెలదొడ్డి, ఇంటి వెనక మొక్కలేస్తే దొడ్డి. ఊళ్ల పేర్లలోనూ ఉంది."

నాకు తట్టనే లేదు.

అబుదాబిలో ఇడ్లీ తిని, సిటీ బస్సులో మఫ్రఖ్ చేరేసరికి పన్నెండయింది. ఒక విల్లా వెనక గది. వాచ్‌మన్ రాజన్నది జగిత్యాల వైపు.

"అన్నయ్యా, దొడ్డి ఉందా?" అనడిగింది సుజాత.

"ఎందుకుండదు చెల్లె! గా మూలకు. నీళ్లు గూడ వస్తున్నయ్, పో," అని మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బాత్రూమ్ తలుపు చూసి ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "అది కాదన్నయ్యా! మొక్కలేసుకునే చోటు!"

"ఇంటెనుక జాగనా? అట్ల జెప్పరాదు! అర్జెంటనుకున్న."

ఆమె అలా నవ్వగా విని చాలా రోజులైంది.

రాజన్న వెనక తలుపు తీశాడు. రేకుల కంచెకూ గోడకూ మధ్య మంచం పట్టేంత ఇసుక. నేను టేపు తీసి కొలవబోతే, "మీరు కాసేపు లోపలికెళ్లండి," అని సుజాత బయటినుంచి తలుపు దగ్గరికి వేసేసింది. చాలాసేపు తెరవలేదు. నేను తట్టబోయాను.

"ఉండనియ్యి సార్," అన్నాడు రాజన్న.

లోపలికొచ్చాక ఆమె ముఖం కడుక్కుని, "అద్దె మాట్లాడండి," అంది.

సాయంత్రం తిరుగు బస్సు నిండుగా ఉంది. అటు గది వెతకబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: అక్కడ పగలంతా ఉండబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి, టేపు తర్వాత తీయవచ్చు.

బస్సులోంచే సుజాత వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఇక్కడే ఉంటున్నానంది.

"గొంతు అలా ఉందేంటే, ఏడ్చావా?" అని ఆవిడ అడగడం నాకూ వినిపించింది.

"ఆఁ, ఏడ్చానమ్మా," అంది సుజాత. "హాయిగా ఉంది."