విండ్సర్ ప్యాకేజీ, రెజైనా ప్యాకేజీ

నాకు అనుమానం జబ్బు అంటుంది మా ఆవిడ. ఆ జబ్బే నాకు కూడు పెడుతోంది.

కెనడాలోని విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది. రాసిన కోడ్ నుంచి బిల్డ్ మెషీన్ తనంతట తాను తయారు చేసి వదిలే ప్యాకేజీలను ఏరి, వరుసలో పెట్టి, డిజిటల్ సంతకం చేసి రిపాజిటరీ అనే ఆన్‌లైన్ గిడ్డంగిలోకి ఎక్కించడం నా పని. ఫ్యాక్టరీ కంప్యూటర్లు అక్కణ్ణుంచి తెచ్చుకుని, ఏం పెడితే అది మింగేస్తాయి. అందుకే మాకో పద్ధతి ఉంది. అదే కోడ్‌ను పడమట సస్కాచువాన్ రాష్ట్రంలో ఉన్న మా రెజైనా ఆఫీసులో ఇంకో మెషీన్ మీద కూడా బిల్డ్ చేసి, రెంటినీ పోలుస్తాం. అక్షరం తేడా ఉన్నా మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే లెక్క.

మొన్న మార్చిలో ఒక మంగళవారం తేడా వచ్చింది. పాత ప్యాకేజీలన్నీ శుభ్రంగా కుదిరాయి. ఆ వారం కోడ్ మారినవి మాత్రం కుదరలేదు. ఆ వారం కోడ్ మార్చింది ఒక్క మనిషే, కాకినాడ నుంచి వచ్చి ఇంకా ప్రొబేషన్ దాటని ఒక అమ్మాయి. మంచి పిల్లే. కానీ తెల్లనివన్నీ పాలు కావు కదా!

శుక్రవారంలోగా కారణం తేలకపోతే ఆమెను తీసేస్తానన్నాడు మేనేజరు. కెనడాలో స్థిరపడేందుకు ఆమె పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఆ సంగతి తెలిసి కూడా ఆమె మీద కన్నేసి ఉంచాను. ఫోన్‌లో గొంతు తగ్గిస్తే చెవులు రిక్కించాను. తీరా ఆమె మాట్లాడుతున్నది వాళ్ళమ్మతో, చర్చిలో పాటల ప్రాక్టీసు గురించి.

బుధవారం పార్కింగ్‌లో నన్ను ఆపింది.

“అంకుల్, నా లాగ్స్ అన్నీ చెక్ చేస్తున్నారట. నన్నే డౌట్ పడుతున్నారా?”

“రొటీన్ అమ్మా.”

“రొటీన్ అయితే మిగతావాళ్ళవి కూడా చూడాలిగా?” అని కారెక్కి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. తప్పు చెయ్యని మనిషి ఇంత సూటిగా ఎందుకు మాట్లాడుతుంది అనుకున్నాను.

గురువారం పోలిక రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. తేడా ఒక్కచోటే ఉంది. కోడ్ ఎప్పుడు మార్చారో చెప్పే టైము. రెండు ఊళ్ళ టైములూ ఒకటి కావు, అది ప్రోగ్రామే సరిచేస్తుంది. సరిచేశాక కూడా రెజైనాది గంట వెనకే ఉంది. టైము దిద్దారంటే ఏదో దాచడానికే! దొంగ దొరికింది అనుకుని మేనేజరుకు మెయిల్ రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆకలేసి టిఫిన్ బాక్స్ విప్పి, రోజూలాగే రెజైనాలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ రిటైరైన డాక్టరు.

“ఏరా, ఈ వారమంతా పదింటికే చేస్తున్నావు? ఇంకా స్నానం కూడా కాలేదు నాకు. మీరు గడియారాలు జరుపుకుంటే మేమూ జరుపుకోవాలా? సస్కాచువాన్‌లో ఆ గోల లేదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!”

ముద్ద బాక్సులోనే వదిలేశాను. పోల్చే ప్రోగ్రాం తెరిచాను. మేనేజరు చలికాలంలో స్వయంగా రాసింది అది. రెజైనా టైముకు ఒక గంట కలిపి పోల్చమని రాశాడు. ఏటా వేసవికి చేసినట్టే ఆదివారం మేం గడియారాలు గంట ముందుకు తిప్పుకున్నాక రెండు ఊళ్ళ మధ్య ఎడం రెండు గంటలైంది. ప్రోగ్రాం మాత్రం ఇంకా ఒక గంటే కలుపుతోంది. పాత కోడ్ చలికాలంలో మార్చింది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

రాస్తున్న మెయిల్ చెరిపేసి ఇంకోటి పంపాను. మేనేజరు థ్యాంక్స్ అని ఊరుకున్నాడు. ఆమెకు నేనే వెళ్ళి చెప్పాను. ఊపిరి పీల్చుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

“అంకుల్, ఇది దొరక్కపోయుంటే రేపు నా పేరు చెప్పేవారా?”

“ఛ, లేదమ్మా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.