నీళ్లతొట్టిలో పిల్లర్లు

బొగ్గుబాయిలో పదకొండేళ్లు బొగ్గు కొట్టినవాడికి గడ్డి కోయడం ఒకరు నేర్పాలా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఆరోజు గోదావరిఖనిలో నన్ను చూసి అందరూ నవ్వారు, మీరే మిగిలారు.

డెబ్బైల మొదట్లో సంగతి. బాయిలో కప్పు నుంచి బొగ్గుపెళ్ల ఊడి మీద పడి నా కుడికాలు విరిగింది. దవాఖానలో ఉంచి అతికించాక, ఆర్నెల్లు తేలిక పని చేయించమని డాక్టరు రాశాడు. నన్ను మేనేజర్ దొర బంగళా తోటకు పంపారు. ఆర్నెల్లు నిండితే మళ్లీ బాయి దిగాలి. నాకు దిగాలని లేదు. కాలు ఇంకా నొప్పి అని ఇంట్లో చెప్పాను, అడిగిన ప్రతివాడికీ చెప్పాను. అది అబద్ధం. కాలు బాగానే ఉంది. నాకు భయం. బాయి దారిలో పోతుంటేనే అరచేతులు చెమటపట్టేవి. అది ఎవరికి చెప్పుకోను? మేనేజర్ దొర తలచుకుంటే నన్ను తోటలోనే ఉంచేయగలడు. ఆయన మెచ్చేటట్టు పని చేయడం ఒక్కటే నాకు కనబడిన దారి.

తోటపనికి పెద్ద ఒక అవ్వ. బాయిలు తవ్వకముందు ఆ నేలలోనే జొన్న పండించిన మనిషి. పళ్లు ఊడిపోయాయి గానీ నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

బంగళా ముందు గుండ్రటి సిమెంటు తొట్టి ఉండేది. గదంత వెడల్పు, మోకాలి లోతు నీళ్లు. అందులో దొరసాని ఎక్కడినుంచో తెప్పించి నాటించిన గొడుగు గడ్డి. దాని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. నాకంటే జానెడు ఎత్తు పెరిగేది. నున్నటి పచ్చ కాడ, దాని కొనన గొడుగు చువ్వల్లా చుట్టూ విచ్చుకున్న ఆకులు. చూడ్డానికి ముచ్చటే. కానీ రెండేళ్లుగా ఎవరూ కోయక ఎండుకాడలన్నీ పచ్చకాడల మీద వాలిపోయి, లోపల దోమలు కాపురం పెట్టాయి. దొరసాని పుట్టింటికి పోయింది. నెలకు తిరిగొచ్చేసరికి తొట్టి కొత్త పచ్చదనంతో ఉండాలని చెప్పిపోయింది.

"మొత్తం కొయ్యి," అంది అవ్వ. "నీళ్ల మీద బెత్తెడు ఉంచు. కింద దుబ్బకు కొడవలి తాకనియ్యకు. ఇరవై దినాలల్ల పిలకలొస్తయి."

"మొత్తమా? పచ్చటియి గూడనా?"

"పచ్చటియి ఉంచుకొని కూర వండుకుంటవా?"

లుంగీ ఎగగట్టి తొట్టిలో దిగాను. అంచు నుంచి మూరెడు వెడల్పున కోసుకుంటూ లోపలికి పోయాను. మధ్యకు చేరాక కుడికి తిరిగాను, ఎడమకు తిరిగాను. పని మంచి ఊపులో సాగుతోంది. మధ్యాహ్నం అవ్వ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, తొట్టి దగ్గర ఆగిపోయింది.

ఆమె మొహం చూశాక నేనూ చుట్టూ చూసుకున్నాను. తొట్టినిండా తిన్నటి దారులు. దారుల మధ్య నలుచదరంగా, సమాన దూరంలో, పన్నెండు గడ్డిగుబుర్లు కట్టలు కట్టినట్టు, కోయకుండా నిలబడి ఉన్నాయి. బాయిలో బొగ్గు అట్లాగే తీస్తాం. కప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తాం. పిల్లర్లంటాం. నా చేతులు నన్ను అడగకుండానే పిల్లర్లు వదిలేశాయి.

"ఏందిరా కొడకా ఇది? నెత్తి మీద మొగులు కూలుతదనుకున్నవా?"

"మల్ల కోద్దామని ఇడిచిపెట్టిన అవ్వా."

"ఇడిచిపెట్టినవా? దారం పట్టి కొలిచినట్టున్నయి గదరా!" అంటూ వంటింటి వైపు తిరిగి కేకేసింది. "ఓ వంటాయనా, జర జల్ది రా! మనోడు తొట్టిల బాయి తవ్విండు!"

బంగళా వంటాయన గరిటెతోనే వచ్చాడు. చూసి, "అన్నా, తట్ట తేవాల్నా? బొగ్గు ఎత్తుత," అన్నాడు.

నాలుగు మెతుకులు తిని మళ్లీ దిగాను. బాయిలో పిల్లర్లు తీసే పని అన్నింటికంటే చెడ్డది. దూరపు కొస నుంచి మొదలుపెట్టి, వెనక దారి ఖాళీగా ఉంచుకుని, ఒక్కొక్కటీ తీస్తూ వెనక్కి రావాలి. నేనూ దూరపు కట్టతో మొదలుపెట్టాను. కోశాను. రెండడుగులు వెనక్కి వేశాను. నిజం చెప్తున్నాను, ప్రతి కట్టకు ముందు తలెత్తి ఆకాశం చూశాను.

తొమ్మిది కట్టలు అయ్యేసరికి వెనక జీపు ఆగింది. మేనేజర్ దొర దిగి, చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనది కోస్తా మాట.

"పిల్లర్ల పని చేశావా నువ్వు?"

"చేసిన దొరా."

"కనబడుతోంది. ఇంత జాగ్రత్తయిన మనిషి గడ్డి దగ్గరేం చేస్తున్నాడు? కాలు కూడా బాగానే ఉందిగా. సోమవారం నుంచి డ్యూటీకి పంపిస్తాను."

మెచ్చుకుంటే ఉంచుకుంటాడనుకున్నాను. మెచ్చుకుని బాయికి తోలుతున్నాడు. కాలు నొప్పి అందామంటే, పొద్దుటి నుంచి నీళ్లలో తిరుగుతూనే ఉన్నాను.

అవ్వ అడ్డం వచ్చింది. "అది జాగ్రత్త గాదు దొరా. బువ్వ తిన్నప్పటి సంది సూస్తున్న. కొడవలి ఎయ్యాలంటె ముందుగాల మొగులు దిక్కు సూస్తడు. గడ్డికే గింత జడుసుకునేటోడు లోపల ఏం పని జేస్తడు?"

దొర నా వైపు తిరిగాడు. "భయమా?"

"భయమే దొరా. కాలు మంచిగనే ఉన్నది."

అనేశాక ఒళ్లంతా తేలికయింది, సిగ్గుతో చచ్చాను కూడా.

ఆయన మిగిలిన మూడు కట్టలు చూపించాడు. "పైకి చూడకుండా కొయ్యి. చూస్తాను."

మొదటిది పళ్లు బిగబట్టి కోశాను. రెండోదీ కోశాను. మూడోదాని మీద చెయ్యి వేశాను. తల దానంతటదే పైకి లేచింది. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. ముందు అవ్వ నవ్వింది, తర్వాత వంటింటి గుమ్మంలోంచి వంటాయన, చివరికి దొర కూడా.

"లాభం లేదు. ఇక్కడే ఉండు," అని లోపలికి పోయాడు.

వారానికి కాగితం వచ్చింది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాకే, అప్పటికి రావు. వంటాయనే చదివి వినిపించాడు. వేలిముద్ర వేసి, ఇంటికి పోయి నా భార్యతో ఉన్నమాట చెప్పేశాను. కాలెప్పుడో బాగైందనీ, నన్ను తోటలోనే ఉంచారనీ.

ఆమె పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

"నాకెర్కలేదా? నిద్రల ఉలిక్కిపడి లేస్తివి, కాలు నొస్తె గట్ల లేస్తరా? మంచిగైంది తియ్యి. రేపటి సంది నల్లా కాడ నీళ్ల బిందె నువ్వే పట్టుకరా."