కాకి ముట్టింది ఎవరి మాటకు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది జరగక ముందూ లేదు, జరిగాకా లేదు. ఇది చదివి "పిల్ల ఇప్పటికి దారికొచ్చింది" అని ఎవరూ సంబరపడొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నాయన, చిన్నాయన కలిసి సేద్యం చేస్తారు. నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఫిజిక్స్ అంటే పిచ్చి. ఉత్తరాదిన ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది, పేరు వద్దు. ఫిజిక్స్‌కు గుప్పెడు మందినే తీసుకుంటారు. అక్కడ రెండు విడతలు. మొదటి విడతలో దరఖాస్తు పెట్టుకుంటే ఫలితం మిగతా కాలేజీలన్నిటికంటే ముందే తెలుస్తుంది. నేను మొదటి విడతకే పెట్టాను. ఆలస్యమైతే చిన్నాయన నన్ను నంద్యాలలోనే ఇంజనీరింగ్‌లో పడేస్తాడు. అప్పటికే ఒక కాలేజీలో మాట్లాడి వచ్చాడు కూడా.

నాయన అవుననలేదు, కాదనలేదు. "సీటు రానీ, సూద్దాం" అన్నాడు. మా నాయన "సూద్దాం" అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మిద్దెకు సున్నం కొట్టించడం నా చిన్నప్పటి నుంచీ సూద్దాంలోనే ఉంది.

అసలు అడ్డం జేజి. నాయనకు అమ్మ, ఇంటికి పెద్ద. ఆమె మాట దాటి నాయన అడుగు వేసేవాడు కాదు. దరఖాస్తు సంగతి చెప్పగానే అందరి ముందూ, "ఏందీ, ఈడ కాలేజీలు ల్యాకపోయెనా? ఆడపిల్ల అంత దూరం ఏంటికి?" అంది. నేనూ అందరి ముందే, "నాకు కావాల్సింది ఈడ లేదు జేజీ" అన్నాను. "నోరు సూడు దీనిది" అని ఆకు వక్క నోట్లో వేసుకుంది. కోపం వచ్చిందో, ముచ్చటేసిందో ఆ మొహంలో తెలియలేదు.

పరీక్ష రాశాను, ఇంటర్వ్యూ అయింది. ఇక ఎదురుచూపు. ఆ రోజుల్లో ఫోన్ మోగితే పరుగెత్తేదాన్ని, మోగకపోతే కోపం వచ్చేది. ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లూ "వచ్చెనా?" అని అడిగేవాళ్లు, పోస్ట్‌మన్‌ను నేనే దాచిపెట్టినట్టు.

గోరుచుట్టుపై రోకటిపోటులా ఆ మధ్యలోనే జేజి పోయింది. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు ఒరిగింది, మళ్లీ లేవలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఆమెతో నా వాదన సగంలో ఆగిపోయిందని కోపమూ వచ్చింది.

మా వైపు ఒక ఆచారం ఉంది. కర్మ చేసే దినం నాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వాలి. సరైన మాట పడితే కాకి వస్తుందంటారు. నన్నడిగితే ఆకలేస్తే వస్తుంది.

జేజిని మా చేన్లోనే పెట్టారు. ఆమె సమాధి దగ్గర అరటాకు పరిచి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, పాయసం వడ్డించి, వెనక్కి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాం. ఒక్క కాకి లేదు. మిరపకాయలు ఆరబోస్తే తరమలేక చచ్చేంత కాకులుండే ఊరు మాది. ఆ రోజు ఆకాశం తుడిచిపెట్టినట్టు ఉంది. పక్క చేన్లో పొద్దున మందు కొట్టారు, ఆ వాసనకు రాలేదనుకుందాం.

పెద్దవాళ్లు మాటలివ్వడం మొదలుపెట్టారు. నీ ఆవును అమ్మం అన్నారు. అన్నదమ్ములం వేరుపడం అన్నారు. రాలేదు. అప్పుడు చిన్నాయన ముందుకెళ్లి చేతులు జోడించాడు. "మ్మా, పిల్లను దూరం పంపియ్యం. ఈడనే సదివిచ్చుకుంటాం."

కాకి వచ్చింది.

ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. సమాధి రాయి మీద వాలింది. అందరూ నా వైపు చూశారు. చిన్నాయన మొహం వెలిగిపోయింది. ఏడాది పాటు నిద్ర చంపుకుని చదివిన చదువు ఒక కాకి నోట్లో పెట్టారు వీళ్లు.

కాకి మాత్రం రొట్టె ముట్టలేదు. చిన్నాయన అదే మాట మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. అది తల పక్కకు తిప్పుకుంది.

నేను నడుచుకుంటూ ఆకు దగ్గరికే పోయాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది, విడిపించుకున్నాను. చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడినా ఆ కాకి ఎగిరిపోలేదు. "జేజీ, నువ్వు వద్దన్నా నేను పోతా. ఈ తూరి రాకుంటే మల్లా రాస్తా. నీకిష్టం ల్యాకుంటే తినాకు, పో" అన్నాను.

అది కిందికి దిగి తినడం మొదలుపెట్టింది. నా కాళ్ల పక్కనే. నేను కదల్లేదు, అదీ కదల్లేదు. తిన్నంత తిని ఎగిరిపోయింది.

తర్వాత ఆకు చూశాం. రొట్టె నడిమి భాగమంతా పోయి, చుట్టూ గట్టి అంచు మాత్రం గాజులా మిగిలింది. జేజికి పళ్లు లేవు. రొట్టె తినేటప్పుడు అంచు ఒలిచి పక్కన పెట్టేది. అమ్మ దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాకి మెత్తగా ఉన్నంత వరకే తినిందని నేనన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మొదటి విడత ఫలితం వచ్చింది. సీటు ఇవ్వలేదు, కాదనీ అనలేదు, రెండో విడతలో మళ్లీ చూస్తామన్నారు. అది కాదనడం కంటే నరకం. "ఇంక సాలు, ఈడ చేర్పిద్దాం" అన్నాడు చిన్నాయన. నాయన నోట సూద్దాం వస్తుందనుకున్నాను. "పిల్ల పోతాది. ఆగుదాం" అన్నాడు. తన తమ్ముడి మాటకు ఆయన అలా ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆగాం. రెండో విడతలో సీటు వచ్చింది. "జేజి ఇప్పిచ్చింది" అన్నవాళ్లందరితో గొడవపడ్డాను. జేజి ఫిజిక్స్ పరీక్ష రాయలేదు.

బయలుదేరిన రోజు నంద్యాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు నాయనను అడిగాను, దినం నాడు మనసులో ఏం మొక్కుకున్నావని. నన్ను పంపుతానని ఆయనే లోపల మాటిచ్చి ఉంటాడని నా అనుమానం.

"నేనేం మొక్కల్యా" అన్నాడు నాయన, నా బ్యాగు జిప్పు సరిచేస్తూ. "నువ్వు ఆకు కాడ అరిసినాక మా అమ్మ, పోనీరా అనె. సరే మ్మా అంటి."

మా నాయనకు కథలు అల్లడం రాదు, చేను తడిపిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఆ కాకికి అందరికంటే దగ్గరగా నిలబడింది నేను. నాకు ముక్కు ఆకును పొడిచే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

సీటు నాది. నేను రాసి తెచ్చుకున్నాను, దాంట్లో బతికున్నవాళ్లకూ చచ్చిపోయినవాళ్లకూ వాటా లేదు. నాయన ఎవరికి సరేనన్నాడో మాత్రం నేను చెప్పలేను.