ఒడ్డు మీంచి కనిపించే రంగు

మా పిన్ని ఏ రంగునీ దగ్గర పెట్టుకుని చూసేది కాదు. చీరైనా సరే, గోడకి వేసే సున్నమైనా సరే, చెయ్యి బారచాపి ఒక కన్ను మూసేది. ఆ తర్వాత ఆమె మాటకు తిరుగులేదు.

బాబాయి ఒకప్పుడు పనిచేసిన యుద్ధనౌకకి నేను మూరెడు బొమ్మ కట్టాను. దొరికినవన్నీ నలుపు తెలుపు ఫొటోలే. అందుకని బాబాయినే అడిగి, ఆయన చెప్పిన ముదురు బూడిద రంగు పూసి, సీతమ్మధారలో వాళ్లింటికి పట్టుకెళ్లాను.

పిన్ని నా చేతిలోంచి బొమ్మ తీసుకుని, చెయ్యి చాపి, కన్ను మూసింది.

"ఏటిది, ఇంత నల్లగా సేసినావ్? తెలుపు కలుపు."

"ఆ రంగు నా సేత్తో ఏసినాను. నీకేటి తెలుసు?" అన్నాడు బాబాయి.

"మీరు ఓడ మీద నిలబడి సూసినారు. నాను బీచి గట్టు మీంచి సూసినాను. ఓడ ఇంత సిన్నగా కనిపించాలంటే ఎంత దూరంలో ఉండాలి? అంత దూరానికి రంగు ఎలిసినట్టు కనిపించదా?"

తెలుపు కలిపి మళ్లీ పూసి, మరో ఆదివారం వాళ్ల గుమ్మంలో బొమ్మను ఎత్తి పట్టుకున్నాను.

"ఇదే. ఈ రంగు కనిపించిందంటే ఇంటికెళ్లి ఎసరెట్టీదాన్ని," అని పిన్ని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బాబాయి కుర్చీలోంచే బొమ్మ వైపు చూస్తూ, మెల్లగా ఒక కన్ను మూశాడు.