చేప కులాసాయేనా?

మావయ్యగారికి మనుషుల క్షేమం అడగడం చేతకాదు. ఎవరు ఎదురైనా ముందు చేప క్షేమమే అడుగుతారు. ఆయనది రంగు చేపలు అమ్మే కొట్టు. అక్కడ ఒక్కసారి చేప కొన్నవాడు ఈ జన్మకు ఆయన్ని తప్పించుకోలేడు.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోరు తెరుచుకుని పడుకుని కూడా, పటకారు పట్టుకున్న డాక్టరునే అడిగారట: "మొన్న తీసుకెళ్ళిన జత కులాసాయేనా?" నోరు మూసుకునే వీలు లేదు కాబట్టి మూడుసార్లు అడగాల్సి వచ్చింది. ఎవరైనా ఇల్లు మారుతుంటే సామాన్ల బండి కంటే ముందు ఆయనే ప్రత్యక్షం. "చేపలు అక్కర్లేకపోతే నాకిచ్చేయండి. చెరువులో మాత్రం పోయొద్దు."

కోడలికి ఇదే అంతుపట్టేది కాదు. అమ్మిన సరుకు వెనక్కి అడుక్కునే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? కొట్లో తొట్లు చాలక చేపలు ఇంటిమీద పడ్డాయి. బిందెల్లో చేపలు, బకెట్లలో చేపలు.

"నేను స్నానం దేంతో చెయ్యను, మావయ్యా?"

"చెంబు ఖాళీగానే ఉందిగా, అమ్మాయ్."

తొంగిచూస్తే చెంబులోనూ రెండు ఉండేవి.

"ఈయన మొదటి నుంచీ ఇంతేనా, అత్తయ్యా?" అని అడిగింది ఓసారి.

"లేదే. నువ్వు కాపురానికొచ్చిన నెల నుంచే. ఏ గాలి సోకిందో ఏమో."

దాంతో కోడలికి ఉన్న అయోమయం రెట్టింపయింది.

ఇలా ఉండగా ఒక ఉదయం చెరువు ఆఫీసరు గాజు సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో గోరంత గప్పీ చేపలు రంగు తోకలు ఆడిస్తున్నాయి. "ఇవి మన నీళ్ళవి కావు. చెరువులో పుట్టిన చేపల గుడ్లూ పిల్లలూ వీటి పాలవుతున్నాయి. వల వేస్తే ఇవే పడుతున్నాయి. నాలుగేళ్ళ కిందట ఎవరో పోశారు. ఊళ్ళో అమ్మేది మీరొక్కరే. పోసింది మీరే అయితే కొట్టు మూయించాలి."

"నేనే పోశాను," అన్నారు మావయ్యగారు, సీసాలోకి చూస్తూ. "కులాసాగానే ఉన్నట్టున్నాయి."

నాలుగేళ్ళ కిందట, కాపురానికొచ్చిన వారానికే, బకెట్టు కావాల్సొచ్చి, పాపం హాయిగా బతకనీ అని అందులో కొట్టు కోసం ఉంచిన చేపపిల్లల్ని పెరటి వెనక చెరువులో పోసింది కోడలే. మావయ్యగారు అడిగితే పిల్లి తినేసిందని చెప్పింది. ఆయన పిల్లిని ఒక్క మాట అనలేదు. ఇంట్లో పిల్లి లేదు మరి.

కొట్టు పోతే ఈయన బతకగలడా? "పోసింది నేను, సార్," అంది కోడలు.

"నమ్మకండి. ఈ పిల్లకి గప్పీకీ కప్పకీ తేడా తెలీదు," అన్నారు మావయ్యగారు.

అత్తగారు వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "మీరిద్దరూ ఊరుకోండి. పోసింది నేను." ఏం పోసిందని ఈ గొడవో ఆవిడకి తెలియనే తెలియదు.

ఆఫీసరు ఒక పేరు రాశాడు, కొట్టేశాడు. ఇంకోటి రాశాడు, కొట్టేశాడు. తల పట్టుకుని మంచినీళ్ళు అడిగాడు. చెంబులో రెండు చేపలొచ్చాయి. బిందె మూత తీసి చూశాడు. బకెట్లూ చూశాడు.

"ఇవన్నీ ఏమిటి?"

"జనం వద్దన్నవి. నేను తీసుకోకపోతే చెరువులో పోస్తారుగా."

ఆఫీసరు బకెట్లు వేలితో లెక్కపెట్టాడు. "కొట్టు మూయిస్తే ఇవన్నీ నా చెరువు మీదికే వస్తాయన్నమాట," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం ఆదివారం ముగ్గురూ సన్నకన్ను వలలతో రండి. పోసిందెవరైనా పట్టేది మీరే."

ఆయన వెళ్ళాక కోడలు కళ్ళు తుడుచుకుంది. "పిల్లి సంగతి మీకు అప్పుడే తెలుసా, మావయ్యా? నన్నే గట్టిగా అడగొచ్చుగా."

"కొత్తగా వచ్చిన పిల్లవి, అడిగితే బెంగపడతావని," అన్నారాయన. "అందుకే చేపల సంగతి ఊళ్ళోవాళ్ళని అడుగుతూ వచ్చాను."

ఆ తర్కం కోడలికి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆదివారం మోకాటిలోతు నీళ్ళలో నిలబడి వల లాగుతుంటే పక్కనుంచి ఆయన గొంతు వినిపించింది.

"కులాసాయేనా?"

"బోలెడు పడ్డాయి, మావయ్యా."

"చేపల్ని కాదమ్మాయ్. నిన్నే."