వణుకుపిట్ట గుండు

మొన్న అక్టోబరు చివర్లో, ఎప్పటిలాగే పొద్దున్నే సత్యనారాయణపేట నుంచి పార్కుకు నడిచిపోయి, మధ్యలో ఉండే పెద్ద రాతిగుండు దగ్గర మోకాళ్లకు కాస్త విశ్రాంతి ఇద్దామని ఆగబోయానో లేదో, మెడలో కెమెరా వేసుకున్న ఒక అమ్మాయి చేయి అడ్డం పెట్టి, "అవ్వా, ఆడే నిలబడు, కదలాకు, పిట్ట ఎగిరిపోతాది" అని గుసగుసగా గద్దించింది. అవ్వా అన్నందుకు కొంచెం చురుక్కుమంది కానీ, వయసు వచ్చింది కాబట్టి ఊరుకున్నాను. ఆమె చూపు వెంట చూస్తే, గుండు కొనమీద నల్లటి తలా ఇటుకరంగు పొట్టా వేసుకుని, అదే రంగు తోకను క్షణం కూడా ఆపకుండా వణికిస్తూ మా పాత చుట్టం కూర్చుని ఉంది. ఆ అమ్మాయి దానికి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పింది. మా ఇంట్లో మాత్రం దాని పేరు వణుకుపిట్ట, ఆ పేరు పెట్టినవాడు మా నాయన.

నాయన ఈ పార్కులోనే తోటమాలి. చదువు సంతకం వరకే. కానీ వానలు వెనకపట్టి పొద్దున గాలి కాస్త చల్లబడిందంటే ఆయన నడకే మారిపోయేది; నీళ్లు పెడుతున్నా, కొమ్మలు కత్తిరిస్తున్నా ఒక కన్ను చెట్ల మీదే ఉండేది. గడ్డిలో తోకలాడిస్తూ పరుగెత్తే తెల్లపిట్టలు, వేపచెట్లలో గొంతు వినిపించడమే తప్ప మనిషికి కనిపించని ఆకురంగు పిట్టలు, ఏది ముందు దిగింది, ఏది వెనక దిగింది అన్నీ ఆయనకు నోటికి వచ్చు. పిట్టను వెతకొద్దు, గాలి లేనప్పుడు కదిలే ఆకును వెతుకు అని నాకు నేర్పింది ఆయనే. తర్వాత ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను కానీ, అంతకన్నా మంచి పాఠం నేనెవరికీ చెప్పలేదు.

వణుకుపిట్ట మంచుకొండల నుంచి వస్తుందని మా మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఒకామె చెప్పిందట. "అంత దూరం వచ్చినా, మన బళ్లారి ఎండకు గూడా దాని చలి పోలేదు సూడు" అని నాయన ఏటా అదే మాట చెప్పి ఏటా కొత్తగా నవ్వేవాడు. అది దిగిన వారం, ఆదివారం ఆరాధన అయ్యాక, మేం గుడి అని పిలిచే చర్చి మెట్ల మీద నిలబడి, చుట్టం వచ్చినాడని అందరికీ చెప్పేవాడు. మేనత్త ఎగతాళి చేసేది, పిట్ట వస్తే పండగ చేసుకునేది మా అన్న ఒక్కడేనని.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, కొత్తగా వచ్చిన ఇంజనీరు గారికి పార్కు మధ్యలో కారంజి కట్టించాలని ఆశ పుట్టింది. రంగురంగుల దీపాల మధ్య నీళ్లు ఎగజిమ్మాలి, దానికి గుండు అడ్డం. రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించి ముక్కలు చేయిద్దామన్నారు. ఎదురుమాట ఎరగని నాయన ఆ రోజు నోరు విప్పి, ఏటా ఆ గుండు మీదికే దిగే చుట్టం ఒకడున్నాడని చెప్పుకున్నాడు. ఇంజనీరు గారు చెడ్డమనిషి కాదు, నవ్వారు. సోమవారం పొద్దున పార్కు చూడడానికి వస్తాను, నీ పిట్ట గుండు మీద కూర్చోవడం నా కళ్లతో చూస్తే గుండు ఉంటుంది, లేదంటే మంగళవారం సమ్మెట పడుతుంది అన్నారు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నవంబరు ఒకటిన కన్నడ రాజ్యోత్సవం దగ్గరపడుతోందంటే ఊళ్లో కదలని ప్రతి వస్తువుకూ తెల్లసున్నమో ఎర్రకావియో పడేది. పార్కు దారుల పక్క రాళ్లకు ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. డ్రమ్ములో సున్నం నానబెట్టి, శనివారం నాయన కావి తేవడానికి కౌల్ బజారుకు వెళ్లాడు. నాకు తోచింది ఏమిటంటే, గుండు నల్లగా మొరటుగా ఉంది కాబట్టే ఇంజనీరు గారికి నచ్చలేదు, ముస్తాబు చేస్తే కొట్టించబుద్ధి కాదు. సున్నం కొట్టే కుచ్చె తీసుకుని కింది నుంచి కొనదాకా తెల్లగా కొట్టేశాను. అదీ చాలక బొగ్గుతో కన్నడ అక్షరాల్లో సుస్వాగత అని రాశాను. ఆ స్వాగతం పిట్టకా ఇంజనీరుకా అని అమ్మ చాలా ఏళ్లు నన్ను ఏడిపించింది.

ఆదివారం పొద్దున నాయనతో కలిసి చూశాను. పిట్ట వచ్చింది. గుండు మీద వాలబోయి, గాల్లోనే రెక్కలు కొట్టుకుని, వెనక్కి తిరిగి దూరంగా గోడ మీదికి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి రానేలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దెబ్బలు తప్పవనుకున్నాను. నాయన గుండు మీది సున్నాన్ని వేలితో గీకి చూసి, "రాళ్లకు సున్నం కొడితే అందమని నీకు నేర్పించినోణ్ణి నేనే గదమ్మా. నీ తప్పేముండాది?" అన్నాడు.

మా నాయన ఆదివారం పార ముట్టని మనిషి. నిప్పంటుకుంటే తప్ప ఆ రోజు పని లేదనేవాడు. ఆ ఆదివారం మాత్రం ఆరాధన కాగానే అందరి ముందూ నిలబడి, తలగుడ్డ చేతిలో పట్టుకుని, ఈ రోజు నేను పనికి పోతాండా, నన్ను క్షమించండి అన్నాడు. సంగతి విన్న మేనత్త, పిట్టల పండగని నవ్విన ఆ మేనత్తే, "నువ్వొక్కడివేంది పోయేది? చింతపండు పిప్పి మా ఇంట్లో లేదా?" అంటూ లేచింది. ఇత్తడి గిన్నెలు తోమడానికి పులుసు పిండిన పిప్పిని దాచుకోని ఇల్లు ఆ రోజుల్లో ఏదీ? అరగంటలో ఆడవాళ్లంతా గుడి చీరల్లోనే పిప్పితోనూ కొబ్బరిపీచుతోనూ పార్కులో దిగారు. పాస్టరయ్య తెల్లచొక్కా చేతులు పైకి మడిచి బిందెలు మోశారు. గుండును ఇత్తడి బిందెలా తోమి, ఎర్రమట్టితో రుద్ది, కడిగి, చీకటి పడేలోపు దాన్ని మళ్లీ నల్లగా మొరటుగా చేశారు.

సోమవారం ఇంజనీరు గారు వచ్చారు. గుండు మీద ఏమీ లేదు. టీ తాగారు, దారులన్నీ తిరిగారు, మళ్లీ వచ్చి గడియారం చూసుకుని, "ఎల్లప్పా నిమ్మ నెంటరు?" అన్నారు కన్నడంలో, మీ చుట్టం యాడ అని. నాయన గోడవైపు చూశాడు. ఇంజనీరు గారు గేటువైపు తిరిగి రెండడుగులు వేశాక, నా వెనక టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. గోడ మీది నుంచి ఒక నల్లటి రేఖ జారినట్టు వచ్చి గుండు కొన మీద వాలింది, వాలి తోక వణికించింది. నాయన ఇంజనీరు గారి చొక్కా పట్టి లాగాడు. అధికారి చొక్కా లాగడం ఆయన జన్మలో అదొక్కసారే. ఇంజనీరు గారు కదలకుండా చూసి చూసి, దానికి చలా అని అడిగారు. నాయన తన ఏటేటి మాట చెప్పాడు. ఇద్దరూ కలిసి నవ్విన ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది.

కారంజిని గేటు పక్కకు జరిపారు. కొన్నేళ్లకే అది ఎండిపోయింది, ఇప్పుడు అందులో పూలకుండీలు పెట్టారు. దారులకు టైల్సు వచ్చాయి, పాటలు పాడే స్తంభాలు వచ్చాయి. ఆకురంగు పిట్టల గొంతు వినాలంటే ఇప్పుడు ఆ పాటలు మొదలుకాకముందే రావాలి. తోటమాలి ఎవరంటే కాంట్రాక్టు మనుషులు, ముఖం గుర్తుపట్టేలోపు మారిపోతారు. పిట్టల పేర్లు తెలిసినవాళ్లు మాత్రం పెరిగారు, అది సంతోషమే. కానీ ఒక పిట్ట కోసం గుడి చీరలతో రాయి తోమే ఊరు మళ్లీ దొరుకుతుందా అని ఒక్కొక్కప్పుడు దిగులేస్తుంది.

ఆ అమ్మాయి తను తీసిన ఫోటో నాకు పెద్దది చేసి చూపించింది. పిట్ట కాళ్ల దగ్గర గుండు నెర్రెలో సన్నటి తెల్లగీత కనిపించింది. పిట్ట రెట్ట వల్ల ఫోటో పాడైందని ఆమె బాధ.

"అది రెట్ట కాదు తల్లీ, సున్నం" అన్నాను. "చింతపండు అందనంత లోపలికి పోయినాది. నేను కొట్టిందే."