ఎర్రకుళ్ళు రాదని మైకులో చెప్పింది నేనే

చెరకుకు ఎర్రకుళ్ళు తెగులు తెచ్చే బూజును ల్యాబ్‌లో పెంచడం నా పని. ఐదూళ్ళ తోటల నుంచి తెచ్చిన బూజును, ఈ తెగులును తట్టుకుంటుందని మేము పంచిన రకానికే ఎక్కించి చూశాం. ఈ రోజు గడలు చీలిస్తే నాలుగు బాగానే ఉన్నాయి. కమలాపురం దగ్గర ఖాదర్‌బాషా తోట బూజు ఎక్కించిన గడ మాత్రం లోపలంతా ఎర్రగా కుళ్ళి, పులిసిన కల్లు వాసన కొట్టింది. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"ఆ తోట గడలు విత్తనానికి ఎవరికీ ఇవ్వద్దన్నా."

"మొన్ననే రెండు ట్రాక్టర్లు ఇచ్చినా మేడమ్. విత్తనం అడిగితే లేదంటామా? ఈ రకానికి ఎర్రకుళ్ళు రాదని మీరే కదా చెప్పిండేది?"

ఇంటికి రాగానే ఇది రాస్తున్నాను. కమలాపురం వైపు నుంచి విత్తనం తెచ్చుకున్నవాళ్ళు నాటే ముందు గడలు నిలువునా చీల్చి చూడండి. ఎర్రగా కనిపిస్తే ఫోన్ చేయండి. తిట్టడానికైనా సరే, చేయండి.